నేర్చుకోనక్కర్లేదన్నారు

వలస వచ్చినవాడు కొత్త దేశపు భాష నేర్చుకోవాలా, అక్కర్లేదా? ఈ ప్రశ్న యూరప్‌లో, అమెరికాలో గట్టిగానే వినిపిస్తోంది. పౌరసత్వం కావాలంటే అక్కడి భాష వచ్చని రుజువు చేసుకోవాలి. జర్మనీలో 2005 నుంచి ప్రభుత్వమే వలస వచ్చినవాళ్ళ కోసం జర్మన్ తరగతులు పెట్టిస్తోంది. అక్కడి చర్చలన్నిట్లో ఒక సంగతి ముందే ఖాయమైపోయి ఉంటుంది. వచ్చినవాడు పని కోసం వచ్చిన పేదవాడు, ఉన్నవాడు ఇంటి యజమాని. యజమాని భాష కిరాయిదారు ఎంతవరకు నేర్చుకోవాలన్నదే వాళ్ళ వాదన అంతా.

కిరాయిదారే తాళంచెవులు పట్టుకుని వస్తే? అతని భాషే సర్కారీ భాష అయితే? మన ఉపఖండంలో అట్లాగే జరిగింది. 1947లో దేశం చీలినప్పుడు ఉర్దూ మాట్లాడే ముసల్మాన్లు లక్షలాదిగా రెండు దిక్కులకు పోయారు. పడమటన సింధ్‌కి, తూర్పున బెంగాల్‌కి. రెండు చోట్లా కొత్త రాజ్యం వాళ్ళకు ఒకటే భరోసా ఇచ్చింది: మీరు కొత్తగా ఏ భాషా నేర్చుకోనక్కర్లేదు, మీ భాషే అందరి భాష. ఆ భరోసా కంటే పెద్ద ద్రోహం వాళ్ళకి శత్రువులు కూడా చేయలేదని నా అభిప్రాయం.

ముందు 'ముహాజిర్' అన్న పేరు సంగతి. ప్రవక్త (స) కాలంలో మక్కా విడిచి మదీనా చేరినవాళ్ళు ముహాజిర్లు, వాళ్ళని అక్కున చేర్చుకున్న మదీనావాసులు అన్సార్లు. పాకిస్తాన్ పోయినవాళ్ళకు ఈ పేరే స్థిరపడింది. పేరులో ఎంత ఆశ ఉందో అంత మెలికా ఉంది. మదీనాలో ముహాజిర్లదీ అన్సార్లదీ ఒకే అరబ్బీ. పొరుగువాడి భాష నేర్చుకోవాలా అన్న ప్రశ్న వాళ్ళ మధ్య పుట్టే వీలే లేదు. పుట్టిన చోట ఏం జరిగిందో కూడా మనకు తెలుసు. యూదులతో ఉత్తరాలు నడపడానికి వాళ్ళ లిపి నేర్చుకొమ్మని ప్రవక్త జైద్ బిన్ సాబిత్‌కి చెప్పారనీ, ఆయన పదిహేను రోజుల్లోపే నేర్చుకున్నారనీ హదీసు ఉంది. మన జల్సాల్లో ఈ హదీసు వినపడడం తక్కువ.

ఇక కరాచీ. 1941లో అది నాలుగు లక్షల చిల్లర జనం ఉన్న రేవు పట్నం. జనంలో దాదాపు సగం హిందువులు. దుకాణాలు, బళ్ళు, వకీలు వృత్తి చాలావరకు వాళ్ళ చేతుల్లో ఉండేవి. 1948 జనవరి 6 అల్లర్ల తర్వాత వాళ్ళు ఓడలెక్కి బొంబాయి దారి పట్టారు. ఖాళీ అయిన ఇళ్ళలోకి ఢిల్లీ, లక్నో, ఆగ్రా, భోపాల్ వచ్చి చేరాయి. 1951 లెక్కల నాటికి కరాచీ పది లక్షలు దాటింది, అందులో సగానికి పైగా బయటినుంచి వచ్చినవాళ్ళే. మన హైదరాబాద్ నుంచి పోయినవాళ్ళూ తక్కువేం కాదు. అక్కడ హైదరాబాద్ కాలనీ ఉంది. బహాదూర్ యార్ జంగ్ పేరు మీద బహాదురాబాద్ ఉంది, దాని చౌరస్తాలో ఒక చిన్న చార్మినార్ కూడా ఉంది. బగారా బైగన్‌నీ, ఆవకాయనీ మోసుకుపోయారు. మన జిల్లాల నుంచి పోయినవాళ్ళకి తెలుగో, మరాఠీయో, కన్నడమో కొంతైనా వచ్చి ఉంటుంది. అంటే పొరుగు భాష నేర్చుకోవడం వాళ్ళకి చేతకాని పనేం కాదు. అక్కడ అవసరం పడలేదు.

సర్కారే అవసరం లేకుండా చేసింది. 1948 జులైలో కరాచీని సింధ్ నుంచి విడదీసి కేంద్రం కిందికి తెచ్చారు. సింధ్‌కి తల తీసేసినట్టయింది. సింధ్ యూనివర్సిటీ 1951లో కరాచీ వదిలి సింధ్‌లోని హైదరాబాద్‌కి పోయింది (పేరు మన ఊరిదే, ఊరు వేరు). 1957-58లో కరాచీ యూనివర్సిటీ పరీక్షల్లో సింధీలో జవాబులు రాయడానికి వీల్లేదంది. 1955లో పశ్చిమ పాకిస్తాన్ మొత్తాన్ని ఒకే యూనిట్ చేసినప్పుడు సింధ్ అన్న పేరే పటం మీంచి పోయింది. మళ్ళీ అది కనపడింది 1970లో.

సింధీ లిపి లేని భాషేం కాదు. షా అబ్దుల్ లతీఫ్ భిటాయీ 18వ శతాబ్దంలోనే దాన్ని ఆకాశమంత ఎత్తున నిలబెట్టాడు. 1853లో ఇంగ్లీషువాళ్ళ హయాంలో అరబ్బీ అక్షరాల మీద 52 అక్షరాల వర్ణమాల ఖాయమైంది. బళ్ళు సింధీలో నడిచాయి, కింది కచేరీల్లో రాతకోతలు సింధీలో సాగాయి. సింధ్‌లో కొలువు చేయాలంటే తెల్లదొర కూడా సింధీలో పరీక్ష పాసవ్వాల్సి వచ్చేది. దొర నేర్చుకున్న భాషని దీనీ భాయి నేర్చుకోనక్కర్లేదన్నాడు. సింధీల మనసు విరిగింది ఇక్కడే. మతం పేరు చెప్పి వాళ్ళని ఎంత బుజ్జగించినా ఆ విరుగుడు అతకలేదు.

మరి ఎందుకు నేర్చుకోలేదు? తిండికి అడ్డం రాలేదు గనక. ఆఫీసులో ఇంగ్లీషు, ఉర్దూ. బజార్లో ఉర్దూ. చుట్టూ మనవాళ్ళే. సింధీ రైతు పని మీద కరాచీ వస్తే అతనే ఉర్దూ మాట్లాడాలి. ఇది సగం జవాబు. మిగతా సగం చెప్పుకోవడానికి కష్టంగా ఉంటుంది. మాది తహజీబ్ ఉన్న జబాన్, వాళ్ళది పొలాల్లో మాట్లాడుకునే బోలీ అన్న గర్వం. ఆ గర్వం మన ఇళ్ళకి కొత్తదేం కాదు. లక్నో వాడు హైదరాబాదీ దక్కనీని చూసి నవ్వుతాడు, హైదరాబాదీ దూదేకుల సాయిబు మాటని చూసి నవ్వుతాడు. ఒకడి కింద ఇంకొకణ్ణి కూర్చోబెట్టే ఈ నిచ్చెన ఎక్కినవాడికి పక్కింటి భాష చెవికెక్కదు.

ఈ చీకట్లోనూ కొందరు పని చేశారు. సింధీ మహాకవి షేఖ్ అయాజ్ షా లతీఫ్ కవిత్వాన్ని ఉర్దూలోకి తెచ్చాడు. ఆయన పుస్తకాలను ప్రభుత్వం నిషేధించింది, ఆయన్ని జైల్లో పెట్టింది. అట్లాంటివాడు ఉర్దూవాళ్ళ కోసం ఈ పని చేశాడు. ఆ వైపు నుంచి ఉత్తరప్రదేశ్‌లో పుట్టి సింధ్ చేరిన ఆఫాఖ్ సిద్దిఖీ సింధీ నేర్చుకుని సింధీ కవులను ఉర్దూలో వినిపించాడు. పేరు చెప్పి పొగడాల్సి రావడమే చెప్తోంది, ఇట్లాంటివాళ్ళు ఎంత తక్కువో.

తూర్పున కథ ఇంకా త్వరగా ముదిరింది. 1948 ఫిబ్రవరిలో పాకిస్తాన్ రాజ్యాంగసభలో ధీరేంద్రనాథ్ దత్తా లేచి, దేశంలోని 6 కోట్ల 90 లక్షల మందిలో 4 కోట్ల 40 లక్షల మంది మాట్లాడే బెంగాలీకి కూడా సభలో చోటు ఇమ్మన్నాడు. ఉర్దూ తీసెయ్యమనలేదు, 'కూడా' అన్నాడు. ప్రధానమంత్రి లియాఖత్ అలీ ఖాన్ దాన్ని దేశాన్ని చీల్చే ప్రయత్నంగా కొట్టిపారేశాడు. నెల తిరిగేసరికి, మార్చి 21న, జిన్నా ఢాకాలో ఉర్దూ ఒక్కటే రాజభాష అని ప్రకటించాడు. ప్రకటించింది ఇంగ్లీషులో. ఆయన మాతృభాష గుజరాతీ. ఉర్దూని దేశం మొత్తం మీద రుద్దినాయనకి ఉర్దూలో ధారాళంగా ఉపన్యసించడం రాదు. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు అప్పటి పాకిస్తాన్ మొత్తంలో పదిమందిలో ఒకరు కూడా లేరు. ఇందులో ఉర్దూ మీద ప్రేమ ఎంత, రాజ్యం మీద యావ ఎంత?

1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళలో అబుల్ బర్కత్ ఒకడు. అతను ముర్షిదాబాద్ జిల్లావాడు. అంటే సరిహద్దు ఇవతల ఇండియాలో పుట్టి, 1948లో ఢాకా చేరినవాడు. వలస వచ్చినవాడే! ఆ తేదీనే 1999లో యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించింది. మన యూనివర్సిటీల్లో ఏటా తెలుగు పద్యాలు చదివి చేసుకునే పండగ, ఉర్దూ రాజ్యానికి ఎదురుతిరిగి ముసల్మాన్ కుర్రవాళ్ళు కార్చిన నెత్తురు మీద నిలబడింది. ముసల్మాన్‌కి మాతృభాషాభిమానం ఉండదనే పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

బిహారీల గోడు వేరు. 1946లో బిహార్ మారణకాండ తప్పించుకున్నవాళ్ళు, విభజన తర్వాత ప్రాణాలు అరచేత పట్టుకుని పోయినవాళ్ళు, రైల్వే కూలీలు, మిల్లు కార్మికులు. ఉర్దూని రాజభాష చెయ్యమని వాళ్ళు అడిగింది లేదు. సైద్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పని దొరికింది, ఢాకాలో మీర్‌పూర్, మొహమ్మద్‌పూర్ బస్తీలు వెలిశాయి. ఉర్దూ బళ్ళు తెరిచారు. బెంగాలీ రాకుండా ఒక తరం పెరిగిపోయింది. ఆ రాకపోవడాన్ని సర్కారు తన అవసరానికి వాడుకుంది. 1971లో సైన్యం బెంగాలీల మీద పడినప్పుడు బిహారీల్లో కొందరు సైన్యానికి దారి చూపించారు, రజాకార్లలో చేరారు. (ఆ పేరు మన చెవులకు కొత్త కాదు.) సైన్యం దిగకముందు, మార్చిలోనే బిహారీల మీద కూడా ఊచకోతలు జరిగాయి. డిసెంబర్ 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయి, ఖైదీలుగా ఇండియాకి వచ్చి, తర్వాత ఇళ్ళకి పోయింది. పెద్ద ఆఫీసర్లు, సేఠ్‌లు అంతకుముందే విమానాలెక్కారు. మిగిలింది సైద్‌పూర్ కూలీ. అతను నోరు తెరిస్తే ఎవరో తెలిసిపోయేది.

వాళ్ళని శిబిరాల్లో పెట్టారు. రెడ్‌క్రాస్ వాళ్ళ ఊరి పేరు మీద మొహమ్మద్‌పూర్ శిబిరానికి జెనీవా క్యాంప్ అని పేరొచ్చింది. 1973, 74 ఒప్పందాల కింద పాకిస్తాన్ దాదాపు లక్షా డెబ్భై వేల మందిని తీసుకుని తలుపు మూసింది. ఉర్దూ కోసం దేశాన్ని పోగొట్టుకున్న రాజ్యం ఉర్దూ మాట్లాడే పేదవాణ్ణి లోపలికి రానివ్వలేదు. మిగిలిన లక్షల మంది ఏ దేశం వాళ్ళూ కాకుండా ముప్పై ఏడేళ్ళు బతికారు. 1971 నాటికి మైనర్లుగా ఉన్నవాళ్ళూ, ఆ తర్వాత పుట్టినవాళ్ళూ బంగ్లాదేశ్ పౌరులేనని ఢాకా హైకోర్టు తీర్పు ఇచ్చింది 2008 మేలో. శిబిరాల గల్లీల్లో పుట్టిన పిల్లలు అప్పటికే బెంగాలీలో చదువుతున్నారు, బేరమాడుతున్నారు, తిట్టుకుంటున్నారు. వాళ్ళకి భాష నేర్పింది ఏ చట్టమో కాదు, రిక్షా తొక్కుకు బతకాల్సిన అవసరం.

ఢాకా పోయిన ఏడు నెలలకే మంట సింధ్‌లో లేచింది. 1972 జులై 7న సింధ్ శాసనసభ సింధీ భాష బిల్లు ఆమోదించింది. ఆ బిల్లు ఇప్పుడు చదివితే అందులో అంత మండిపడాల్సింది ఏముందా అనిపిస్తుంది. నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా సింధీ, ఉర్దూ రెండూ తప్పనిసరి. ఆఫీసుల్లో, కోర్టుల్లో సింధీ వాడకాన్ని క్రమంగా పెంచవచ్చు. ఇంతే. పాతికేళ్ళు ఆ గడ్డ మీద బతికినవాళ్ళ పిల్లలు ఆ గడ్డ భాష చదవాలనడం అన్యాయం కాదు. అయితే ముహాజిర్లు ఆ బిల్లులో చదివింది అక్షరాలను కాదు, బిహారీల గతిని. రేపు మనకూ క్యాంపులేనా అన్న భయం. ఆ భయానికి పత్రికలు గాలి విసిరాయి. ఉర్దూ దినపత్రిక 'జంగ్', ఉర్దూకి అంత్యక్రియలు జరుగుతున్నాయన్న అర్థం వచ్చే రయీస్ అమ్రోహ్వీ కవితాపాదాన్ని నల్ల అంచుతో అచ్చేసింది. సాటి జర్నలిస్టుగా నాకు ఆ పేజీ మీద గౌరవం లేదు. కరాచీలో, సింధ్ హైదరాబాద్‌లో మనుషులు చచ్చిపోయారు, కర్ఫ్యూలు పడ్డాయి.

అప్పుడు జుల్ఫికర్ అలీ భుట్టో ఒక రాజీ చేశాడు. సింధీ గానీ ఉర్దూ గానీ రాదన్న ఒక్క కారణంతో 12 ఏళ్ళ దాకా ఎవరికీ ఉద్యోగంలో అన్యాయం జరగకూడదని ఆర్డినెన్సు. వినడానికి న్యాయంగానే ఉంది. జరిగింది ఏమిటంటే 1948లో చెప్పిన మాటే మళ్ళీ చెప్పారు. నేర్చుకోనక్కర్లేదు, ఇంకో పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో ఏ సర్కారైనా కరాచీ బస్తీల్లో మంచి సింధీ పంతుళ్ళను పెట్టి, సాయంత్రం బళ్ళు నడిపి, నేర్చుకున్న గుమాస్తాకి ఇంక్రిమెంటు ఇచ్చి ఉంటే కథ ఎట్లా ఉండేదో. దాని బదులు 1973లో సింధ్ గ్రామీణ ప్రాంతానికి 60, పట్నాలకి 40 లెక్కన ఉద్యోగాల కోటాలు వచ్చాయి. భాష పేరుతో మొదలైంది నౌకరీల తగాదాగా స్థిరపడింది. గడువు ముగియాల్సింది 1984లో. ముహాజిర్ ఖౌమీ మూవ్‌మెంట్ పుట్టింది కూడా 1984లోనే. 1988 సెప్టెంబర్ 30న సింధ్ హైదరాబాద్ వీధుల్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళ మీద తుపాకులు పేలి వందకు పైగా చనిపోయారు. మర్నాడు కరాచీలో సింధీ మాట్లాడేవాళ్ళని వెతికి చంపారు.

ఇదే సింధ్ నుంచి ఇటు వచ్చినవాళ్ళ సంగతి కూడా చూడాలి. సింధీ హిందువులకి ఇక్కడ రాష్ట్రం లేదు, వాళ్ళ భాషని రాజభాష చేస్తామని ఎవరూ అనలేదు. మిలిటరీ క్యాంపుల్లో దింపారు. కళ్యాణ్ దగ్గరి క్యాంపే 1949లో ఉల్హాస్‌నగర్ అయింది. అక్కడ మరాఠీ, అహ్మదాబాద్‌లో గుజరాతీ, మన సికింద్రాబాద్ సింధీ కాలనీలో ఉర్దూ, తెలుగు. బట్టల దుకాణం నడవాలంటే గిరాకీ భాష రావాలి. నేర్చుకున్నారు, బాగుపడ్డారు. కానీ అరబ్బీ లిపిలో రాయాలా, దేవనాగరిలో రాయాలా అని పెద్దలు కొట్లాడుకుంటూండగానే పిల్లలు రెండిట్లోనూ రాయడం మానేశారు. 1967లో సింధీని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చారు. చాలా ఇళ్ళల్లో తాత రాసిన ఉత్తరం చదివే మనవడు లేడు. కాబట్టి వచ్చినవాడు నేర్చుకోవాల్సిందే అని గట్టిగా అనేవాళ్ళు, అతని సొంత భాషకి ఏం చోటు ఇస్తారో కూడా ఆ నోటితోనే చెప్పాలి. జర్మనీలో టర్కీ పిల్లవాడి విషయంలోనైనా, మన ఇటుక బట్టీల్లో ఒడియా పిల్లల విషయంలోనైనా ఇదే లెక్క.

ఇన్ని దేశాల సంగతులు చెప్పి మన ఊసు దాటేస్తే అది తప్పించుకోవడమే అవుతుంది. తెలుగుదేశంలో ముసల్మాన్లు వలస వచ్చినవాళ్ళనే లెక్కతో "మీరు మా భాష నేర్చుకోవాలి" అని చెప్పేవాళ్ళున్నారు. మనలో చాలామంది ఇక్కడి మట్టిలోంచి వచ్చినవాళ్ళం. దూదేకులవాళ్ళకి, కోస్తా, రాయలసీమ పల్లెల్లో ఎందరో సాయిబులకి అమ్మ పాడిన జోలపాట తెలుగే. వాళ్ళని వలసవాళ్ళ కింద కట్టడం చరిత్ర తెలియనితనం.

కానీ నిజాం రాజ్యంలో ఉర్దూ ఏ స్థానంలో కూర్చుందో కూడా ఒప్పుకోవాలి. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు నూటికి పన్నెండు మందికి మించరు. తెలుగువాళ్ళు దాదాపు సగం. కచేరీ ఉర్దూలో, 1918లో మొదలైన ఉస్మానియా ఉర్దూలో. దేశభాషలో పై చదువులు చెప్పిన ఘనత ఉస్మానియాది, ఆ ఘనతని నేను తగ్గించను. ఆ దేశభాష తెలుగు రైతుకి మాత్రం పరాయిదే. 1921లో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపారు. గోల చేసినవాళ్ళలో మరాఠీవాళ్ళున్నారు. అంటే పైన కూర్చున్న భాష ఏదైతే దాని పక్కన చేరినవాడికి కూడా కింది భాష అలుసే. మనవాళ్ళకీ ఆ రాజ్యం చెప్పింది అదే, తెలుగు నేర్చుకోనక్కర్లేదని. 1948 తర్వాత జిల్లా కచేరీల్లో ఉర్దూ గుమాస్తాలు ఏమయ్యారో పాతబస్తీ ముసలివాళ్ళని అడగండి.

దానికి మూడొందల డెబ్భై ఏళ్ళ ముందు ఇదే ఊళ్ళో వేరే నడత ఉండేది. ఇబ్రహీం కుతుబ్ షా తండ్రి సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. అన్న జంషీద్‌కి భయపడి ఇబ్రహీం విజయనగరం పారిపోయి రామరాయల నీడన ఏడేళ్ళు తలదాచుకున్నాడు. శరణార్థిగా ఉండి తెలుగు రుచి మరిగాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాక కూడా ఆ రుచి వదల్లేదు. అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఆయనకి అంకితమిచ్చాడు, తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. తెలుగు వచ్చినంత మాత్రాన 1565లో అదే రామరాయల మీదికి యుద్ధానికి పోకుండా ఆగలేదు లెండి. భాష నేర్చుకుంటే మనుషులు మంచివాళ్ళైపోతారని నేను చెప్పడం లేదు. తర్వాతి కుతుబ్ షాహీ ఫర్మానాలు పార్సీతో పాటు తెలుగులో కూడా రాశారు. రైతుకి చదివి వినిపించాలంటే తెలుగు కావాలని ఆ సుల్తాన్లకి తెలిసింది.

తెలంగాణలో 2017లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. 2018లో బళ్ళన్నిట్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సింధ్ 1972 బిల్లుకి దగ్గరి చుట్టమే. ఇక్కడ ఎవరూ పేజీలకి నల్ల అంచులు కట్టలేదు. ఉర్దూ మీడియం పిల్లల తల్లిదండ్రులు ఎప్పటినుంచో కోరుకుంటున్నదే అది. ఆటో నడపాలన్నా, కానిస్టేబుల్ పరీక్ష రాయాలన్నా, తహసీల్దారు ఆఫీసులో కాగితం చదువుకోవాలన్నా తెలుగు కావాలని వాళ్ళకి తెలుసు. నేర్చుకోనక్కర్లేదని వాళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరో చూడండి, వాళ్ళ పిల్లలు ఇంగ్లీషు మీడియంలో ఉంటారు. ఇప్పుడు సర్కారుని అడగాల్సింది ఒకటి ఉంది. ఉర్దూలో ఆలోచించే నాలుగో తరగతి పిల్లకి తెలుగుని రెండో భాషగా చెప్పాలంటే ఆ టీచరుకి ఉర్దూ రావాలి, వాచకం కూడా దానికి తగ్గట్టు వేరేగా రాయాలి. ప్రతి ఉర్దూ మీడియం బడికీ అట్లాంటి టీచరు ఒకరు, అట్లాంటి వాచకం ఒకటి. ఆ రెండు జబాన్లూ వచ్చిన మన అమ్మాయిలు బీఈడీలు చేసి ఇళ్ళల్లో కూర్చుని ఉన్నారు.